అల్లుడు పేర్చిన పరుపు

పరుపుల దుకాణంలో పనిచేసి రిటైరయ్యానంటే ఇప్పటికీ జనం నవ్వుతారు. "అబ్బ, పగలంతా పడుకునే ఉద్యోగమన్నమాట!" అంటారు. నవ్వండి, నాకేం పోయింది? అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే రోడ్డు మీద, కొబ్బరిపీచు పలకలూ ఫోమూ లేటెక్స్ షీట్లూ గోడలకు ఆనించి నిలబెట్టిన దుకాణం అది. సగం జీవితం అందులోనే గడిచింది నాకు. మొదట్లో మేడ మీద కూర్చుని పరుపులకు గలీబులు కుట్టేదాన్ని. ఒకరోజు సేఠ్ మెట్ల మీద నిలబడి కాసేపు నా మాటలు విని, "అమ్మా, మిషన్ కంటే నీ నోరే జోరుగ నడుస్తున్నది. కిందికి రా, కస్టమర్ల ముంగట నడిపియ్" అన్నాడు. అలా కౌంటరు దగ్గరికి వచ్చాను. ఆ మాటను నేను ప్రమోషన్ కింద లెక్క వేసుకున్నాను.

మీరంతా ఇప్పుడు ఫోన్లోనే పరుపు కొనేస్తున్నారు. చాపచుట్టలా చుట్టిన పరుపు డబ్బాలో వస్తుంది, విప్పితే ఉబ్బుతుంది, బాగాలేకపోతే తిట్టుకుంటూ దాని మీదే పడుకుంటారు. ఇంకొందరున్నారు, నేను ఉద్యోగం మానేసే ముందు కొన్నేళ్లుగా ఎక్కువయ్యారు. పొరలు విడివిడిగా కొనుక్కుని సొంతంగా పరుపు పేర్చుకుంటామంటారు. వాళ్లంటే నాకు ఇష్టమే. జిప్పు ఉన్న పెద్ద గలీబు ఒకటి కుట్టించుకుంటారు. అడుగున స్ప్రింగుల పొర, ఒక్కో స్ప్రింగుకూ ఒక్కో గుడ్డ సంచి, ఒకటి కుంగితే పక్కది కదలదు. దాని మీద లేటెక్స్ షీట్లు, అంటే రబ్బరు పాలతో చేసిన చిల్లుల చిల్లుల పలకలు. గట్టివి, మధ్యరకం, మెత్తవి. ఏది కింద వెయ్యాలి, ఏది పైన వెయ్యాలి అన్నదే మొత్తం విద్య. కుదరకపోతే జిప్పు తీసి కిందామీదా చేసుకోవచ్చు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. నా అనుభవంలో పొరలు ఎంచుకోవడం కష్టం కాదు, దాని మీద పడుకునే మనిషి చేత నిజం చెప్పించడం కష్టం.

ఎందుకంటే మన ఊళ్లో పరుపు కొనడానికి వచ్చినవాళ్లు పరుపు మీద పడుకోరు. పిండి మెత్తగా తడిసిందో లేదో చూసినట్టు అరచేత్తో నొక్కుతారు. పుచ్చకాయను కొట్టినట్టు కొడతారు. అంచున కూర్చుని రెండుసార్లు ఎగురుతారు. "ఒకసారి పడుకుని చూడండి" అంటే మగవాళ్లు చుట్టూ చూసి, చెప్పుల కాళ్లు బయటికి వేలాడేసి, చేతులు రెండూ ఛాతీ మీద పెట్టుకుని వెల్లకిలా పడుకుంటారు. ఆడవాళ్లయితే ఆ మాట ఎత్తగానే కొంగు సర్దుకుంటారు. "ఇంటికి పోయినంక పండుతం తియ్యమ్మా" అంటారు.

మా కటింగ్ మాస్టరు పాతబస్తీ మనిషి, నన్ను ఆపా అని, అంటే అక్కా అని పిలిచేవాడు. పొడుగాటి కత్తితో లేటెక్స్‌ను వెన్న కోసినట్టు కోసేవాడు, కోస్తూనే జోకులు వేసేవాడు. ఒకసారి ఇలాగే ఎవరో పెద్దమనిషి కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకుంటే నా దగ్గరికి వచ్చి, "ఆపా, ఇన్నేండ్లల్ల మన షాపుల ఒక్కడు గూడ పక్కకు తిరిగి పండలే. అందరు కబరస్తాన్ రిహార్సలే" అన్నాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నవ్వానే గానీ, ఆ మాటలో ఎంత సంగతి ఉందో ఆలోచించలేదు.

ఇక అసలు మనుషుల దగ్గరికి వస్తాను. వానాకాలం ఒక మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. ముందు ఒక కుర్రాడు, బషీర్‌బాగ్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం. వెనక అతని మామ, బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దమనిషి, నిలువెత్తున నిండుగా ఉన్నాడు. ఆయన వెనక అత్త, పల్చటి మనిషి, కొంగు తల మీది నుంచి జారకుండా పట్టుకుని నిలబడింది. పెద్దాయనకు కొన్ని నెలల కిందటే గుండె ఆపరేషన్ అయింది. ఆమెకు నడుం నొప్పి. ఇద్దరికీ కలిపి ఒక మంచి పరుపు చేయించాలని అల్లుడి సంకల్పం. ఒక్కతే కూతురు. ఆమె, అల్లుడు, వాళ్ల పాప వీళ్లతోనే ఉంటున్నారు.

ఆ అల్లుడు బంగారం లాంటి పిల్లవాడు, అందులో అనుమానం లేదు. కాకపోతే ఫోన్లో వీడియోలు చూసి చూసి మా అందరికంటే పెద్ద మాస్టరై వచ్చాడు. బొటనవేలితో షీటును నొక్కి, కళ్లు మూసుకుని, డాక్టరు నాడి చూసినట్టు తల ఊపేవాడు. "ఆంటీ, కింద స్ప్రింగ్, నడుమ గట్టి లేటెక్స్, పైన గూడ గట్టిదే. అత్తమ్మను డాక్టరు గట్టి పరుపు మీదనే పండుమన్నడు" అన్నాడు.

"పై పొర కొద్దిగా మెత్తగా ఉంటే..." అని నేను మొదలుపెట్టాను.

"డాక్టర్ అన్నడు ఆంటీ" అన్నాడు. డాక్టరు పేరు చెప్పాక మన నోరు ఏం లేస్తుంది?

పేర్చాం. "మామయ్యా, మీరు పండి చూడుండ్రి" అన్నాడు. పెద్దాయన మా ఊరి పద్ధతిలో వెల్లకిలా పడుకుని, ఫ్యాను వంక చూసి, "మస్తుగున్నది" అన్నాడు.

నేను ఆమె వైపు తిరిగి, "అక్కా, మీరు కూడా ఒక్కసారి చూడండి" అన్నాను. ఆమె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని, కళ్లతోనే అల్లుణ్ణి చూపించి, నావైపు కొంచెం కోపంగా చూసింది. "అల్లుడు చూసిండు గద. మంచిగనే ఉంటది" అంది.

ఇక్కడ చిన్నపిల్లలకు ఒక మాట చెప్పాలి, మీ ఇళ్లలో ఈ పద్ధతి పోయి ఉండొచ్చు. మా వైపు అల్లుడు నిలబడి ఉంటే అత్త మంచం మీద కూర్చోదు. కూర్చోవడమే లేదంటే ఇక పడుకోవడం రామ రామ! అల్లుడు తెచ్చినదాన్ని బాగాలేదని అనడం అంతకంటే పెద్ద తప్పు. అతను ఉప్పులేని కూర వండి పెట్టినా "కమ్మగున్నది" అనే తినాలి. నేను కూడా ఒక అల్లుడికి అత్తనే కాబట్టి నాకు బాగా తెలుసు.

పరుపు వాళ్లింటికి పోయింది. కొన్నాళ్లకు పెద్దాయన ఒక్కడే బస్సు దిగి, మెల్లగా రోడ్డు దాటి వచ్చాడు. స్టూలు వేస్తే కూర్చున్నాడు. నీళ్లు తాగి, "చెల్లె, పరుపు మంచిగనే ఉన్నది గని, దాని మీద నేనొక్కన్నే పండుతున్న" అన్నాడు.

"అదేంది అన్నా? అక్క ఏడ పండుతున్నది?"

"కింద. చాప మీద."

ఆ తర్వాత ఆయన చెప్పింది విని నాకు కౌంటరు దగ్గర నిలబడబుద్ధి కాలేదు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. కొంచెం సేపు కాగానే లేస్తుంది, మంచం కోడు పట్టుకుని పైకి లేచి, ఆయన ఊపిరి తీస్తున్నాడా లేదా అని మొహం మీదికి వంగి చూస్తుంది, మళ్లీ కిందికి దిగి పడుకుంటుంది. మళ్లీ లేస్తుంది. ఒకసారి కళ్లు తిరిగి మంచం పట్టె నుదుటికి తగిలింది.

"నా గుండె మంచిగనే కొట్టుకుంటున్నది చెల్లె. ఆమె గిట్ల లేస్త పండుత ఉంటే నాకన్న ముందుగాల ఆమె పానమే పోయేటట్టున్నది. మీద పండు, పక్కనే ఉంట గద, లేవకుంటనే ఎరుకైతది అంటె వినది. ఎందుకంటె చెప్పది. కింద సల్లగుంటది అంటది."

"పరుపు బాగాలేదని అన్నదా?"

"ఆమెనా? అల్లుడు చేయించిండాయె. మంచిగున్నది, మంచిగున్నది అనుకుంటనే చాప పరుస్తది."

అల్లుడికి ఫోన్ చేశాను. పాపం ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. కౌంటరు మీద మోచేతులు ఆనించి బాగా ఆలోచించాడు. చివరికి అతని మొహం వెలిగింది. "ఆంటీ, అత్తమ్మకు నేల మీద నిద్ర పడుతున్నదంటే ఏంది అర్థం? మన పరుపు ఇంకా నేలంత గట్టిగ లేదన్నట్టే గద!"

నన్ను చూసి నవ్వకండి. ఆ మాట విని సేఠ్ "సహీ బాత్" అన్నాడు. మాస్టరు తల ఊపాడు. నేను కూడా ఊపాను. ముగ్గురం కలిపి ఎన్నేళ్లుగానో పరుపులమ్ముతున్నాం, ఒక్కరికైనా ఆ లాజిక్‌లో కన్నం కనిపించలేదు. పెద్దాయన వైపు మధ్యరకం, ఆమె వైపు మా దగ్గరున్న వాటిలో బాగా గట్టిది, రెండు సగాలుగా కోసి పైన పక్కపక్కన పేర్చి పంపాం. దాని మీద కొబ్బరికాయ కొట్టొచ్చు, అంత గట్టిది.

ఆమె చాప మీదే ఉండిపోయింది.

మూడోసారి పెద్దాయన వచ్చినప్పుడు స్టూలు మీద కూర్చోకుండా కౌంటరు పట్టుకునే నిలబడ్డాడు. కూతురు నిర్ణయం తీసుకుందట. ఈ ఆదివారం దాకా చూసి, ఆ తర్వాత అమ్మను తన గదిలో పడుకోబెట్టుకుంటుంది, అల్లుడు హాల్లో సర్దుకుంటాడు. నాన్న గదిలో ఫోన్ కెమెరా ఒకటి పెడతారు, కూతురు చూసుకుంటుంది. అమ్మకు నిద్ర ఉంటుంది, నాన్నకు కాపలా ఉంటుంది. కూతురు చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే ఆయన బాధ.

"డ్యూటీల ఉన్నన్ని దినాలు సగం రాత్రులు బస్సులనే పాయె చెల్లె. ఆమె ఒక్కతె ఇంట్ల, నేను రోడ్డు మీద. రిటైరైనంకనన్న ఒక్క అర్రల పండుదమనుకుంటే గీ గుండె వచ్చింది. గిప్పుడు ఆమెనో అర్రల, నన్నో అర్రల పెడతరట. బిడ్డ మంచికే చెప్తున్నది, నేనేమనాలె?"

అంత పెద్ద మనిషి కౌంటరు మీది టేపును చుడుతూ విప్పుతూ ఆ మాటలు చెబుతుంటే నాకు ఆయన మీద జాలి వేసింది, ఆమె మీద కోపం వచ్చింది. నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఏం పోతుంది ఈ మనిషికి అనుకున్నాను. "ఆదివారం ఆమెను తీసుకురండి. అల్లుడు కూడా రావాలి, లేకపోతే ఆమె రాదు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. ఏం చూసుకోవాలో అప్పటికి నాకే తెలియదు.

ఆదివారం మా దుకాణానికి సెలవు. సేఠ్‌ను ఒప్పించడానికి నానా తంటాలు పడ్డాను. "సండే షట్టర్ తీస్తే లక్ష్మీదేవి కూడా పరేషాన్ అవుతది అమ్మా" అన్నాడు. "మళ్లీ మళ్లీ షీట్లు మార్చి పంపిస్తుంటే పరేషాన్ కాదా సేఠ్?" అన్నాను. ఆ మాట పనిచేసింది. మాస్టరుకు మాత్రం నా ప్లాను మొత్తం ముందే చెప్పాను. "ఆపా, నువ్వు పోలీసు డిపార్ట్‌మెంట్ల ఉండాల్సినదానివి" అన్నాడు.

ఆదివారం అబిడ్స్ సంగతి తెలిసిందే కదా. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు. మా షట్టరు ముందు ఇంజనీరింగ్ పుస్తకాలాయన తన గుట్టలను కాస్త పక్కకు జరిపితే గానీ మేం లోపలికి పోలేకపోయాం. లోపల దుకాణం మధ్యలో, వాళ్లింట్లో ఉన్నట్టే అచ్చం అదే వరసలో పొరలు పేర్చి ఉంచాం. అల్లుడు రాగానే బొటనవేలు సిద్ధం చేసుకున్నాడు.

"బాబూ, చాదర్‌ఘాట్ గోడౌన్‌లో కొత్త లాటు దిగింది. ఇంకా గట్టి షీట్లు ఉన్నాయట. వాటిలో మంచిది ఏరడం మా వల్ల కాదు, నీ బొటనవేలే కావాలి" అన్నాను. ఆ మాటకు అతను ఎంత సంబరపడ్డాడంటే నాకే కొంచెం పాపం అనిపించింది. సేఠ్ స్కూటర్ వెనక కూర్చుని వెళ్లిపోయాడు. మాస్టరు పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, "రండి సార్, ఇరానీ చాయ్ తాగుదం. చక్కెర లేకుంట చెప్త" అని తీసుకుపోయాడు. షట్టరును నడుం ఎత్తు దాకా దించేశాను. లోపల ఇద్దరం ఆడవాళ్లం, ఒక పరుపు మిగిలాం.

"పండు అక్కా."

"వద్దు చెల్లె. ఎవరన్న వస్తరు."

"ఎవరొస్తరు? పుస్తకాలాయన వంగి చూడాలంటే ఆయన నడుం వంగదు."

అయినా ఆమె కదల్లేదు. సరే అని ముందు నేనే చెప్పులు విప్పి, పరుపు మీద వెల్లకిలా పడుకున్నాను. అన్నేళ్ల ఉద్యోగంలో షాపులో పరుపు మీద నేను పడుకోవడం అదే మొదటిసారి, నమ్మండి నమ్మకపోండి. నన్ను చూసి ఆమెకు నవ్వొచ్చింది. మెల్లగా అంచున కూర్చుంది. షట్టరు వైపు ఇంకోసారి చూసింది. తర్వాత నా పక్కన వెల్లకిలా పడుకుని, చీర కుచ్చిళ్లు కాళ్ల మీదికి సర్దుకుని, చేతులు ఛాతీ మీద పెట్టుకుంది.

"ఎట్లుంది?"

"మంచిగున్నది."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి కూర్చున్నాను. "అక్కా, మీ అల్లుడు లేడు. మీ ఆయన లేడు. సేఠ్ లేడు. దేవుడు కూడా ఆదివారం పొద్దున పని మీద ఉంటడు, నీ మాట వినడు. గిప్పుడన్న నిజం చెప్తవా, లేకపోతే షట్టరు మొత్తం దించెయ్యాలా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే, "ఇంట్ల గిట్ల పండ చెల్లె నేను" అంటూ ఎడమవైపుకు తిరిగింది.

తిరగగానే మొహం మీది నవ్వు పోయింది. ఎడమ భుజం కింద చెయ్యి పెట్టుకుంది. "గీడ రాయి పెట్టినట్టయితది. తుంటి కాడ గూడ. చెయ్యి మొద్దుబారుతది."

"మరి రెండోవైపు తిరిగి పండొచ్చు కదా?"

"ఈ ఎడమ చెవి సిన్నప్పటి సంది వినరాదు. వినొచ్చే చెవి మీదికి ఉండాలె. ఆయన ఊపిరి చప్పుడు వినాలె గద."

ఆ మాట ఆమె ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా చెప్పింది.

"మరి నడుం నొప్పి?"

"అది ఎప్పుడో తగ్గింది. బండెడు బట్టలు పిండినప్పుడు పట్టింది. బిడ్డ దవాఖానకు తీస్కపోతే డాక్టరు గట్టి పరుపన్నడు. ఇగ అప్పటి సంది అందరు నడుం నడుం అంటున్నరు. అల్లుడు గంత తిరిగి చేయిస్తుంటే నేను అడ్డంబడి భుజమని ఏడ చెప్పాలె? కిందనైతే పాత బొంత మడిచి భుజం కింద పెట్టుకుంట. జర నయం."

అంటే ఆమె నేల గట్టిగా ఉందని దిగలేదు, నేల మీద మెత్తటి బొంత వేసుకోవడానికి దిగింది! పైన అదే బొంత పరిస్తే అల్లుడి పరుపుకు వంక పెట్టినట్టవుతుందని మానేసింది. ఆ క్షణం ఆమెను తిట్టాలో కౌగిలించుకోవాలో నాకు అర్థం కాలేదు. రెండూ చేశాను.

"లే అక్కా. ముందు దీన్ని విప్పుదాం" అన్నాను.

లేటెక్స్ షీటును ఎప్పుడైనా ఎత్తారా మీరు? ఎత్తి ఉంటే నేను చెప్పక్కర్లేదు. తాగి పడిపోయిన మనిషిని లేపినట్టుంటుంది. తల ఎత్తితే కాళ్లు జారతాయి, కాళ్లు ఎత్తితే నడుం జారుతుంది. జిప్పు తీసి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని పై సగాలనూ కింది గట్టి షీటునూ లాగాం. ఒకసారి షీటుతో పాటు నేను కూడా కింద పడ్డాను. ఆమె నవ్వలేక గోడ పట్టుకుంది. బయట నుంచి పుస్తకాలాయన, "అమ్మా, లోపల అంత మంచేనా?" అని అరిచాడు.

పొరలు ఆమే ఎంచుకుంది, నేను కాదు. ముందు మెత్తటి షీటు ఒక్కటే వేస్తే, "కూరుకపోతున్న, తిరగొస్తలేదు" అంది. దాని కింద మధ్యరకం సగం ఆమె వైపు, గట్టి సగం పెద్దాయన వైపు పెట్టాం. "నడుమ సందు మీదికి రావద్దు చెల్లె. ఇంట్ల ఒక్క పూట పండి చూస్తే, ఆయన మీదికి చాపిన చెయ్యి ఆ సందులనే పడ్డది" అంది. అందుకని ఆ రెండు సగాలనూ కిందే ఉంచి, వాటి మీద మెత్తటి షీటును నిండుగా, ఒక్కటే పరిచాం. అన్నిటికీ అడుగున స్ప్రింగులు ఉండనే ఉన్నాయి. ఆమె అరచేత్తో నొక్కలేదు, బొటనవేలు పెట్టలేదు. నేరుగా ఎడమ భుజం ఆనించి పడుకుంది.

"అమ్మా..." అంది.

అది మంచిగున్నది అన్న మాట కంటే పొడుగ్గా వచ్చింది. కాళ్లు కొంచెం ముడుచుకుంది. చెయ్యి తల కింద పెట్టుకుంది. "గిట్లయితే ఆయన పక్కల ఉన్నా లేవకుంటనే వినొచ్చు. పొద్దుగాల లేచి చాయ్ పెట్టి, ఆయన గోలీలు ఇచ్చి, మన్మరాలికి జడేసి..." అంటూ ఏదో చెప్పబోయింది. జడ దగ్గర మాట ఆగింది. చూస్తే నిద్రపోయింది.

ఎన్ని నెలల నిద్రో అది! పక్కనే కూర్చుని కాసేపు చూశాను. కొంగు తల మీది నుంచి జారిపోయి ఉంది. ఫ్యాను కొంచెం తగ్గించాను.

చాయ్ తాగి వచ్చిన ఇద్దరూ షట్టరు కింది నుంచి వంగి లోపలికి వచ్చారు. నోటి మీద వేలు పెట్టుకుని చూపించాను. పెద్దాయన అక్కడే నిలబడిపోయాడు. తన భార్య పట్టపగలు, నాంపల్లి రోడ్డు మీద, దుకాణంలో నిద్రపోతుంటే ఆయన ఇంతకుముందు ఎప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు చూశాడు.

గుసగుసగా మొత్తం చెప్పాను. చెవి సంగతి ఆయనకు తెలుసు. ఆ చెవి కోసమే అటు తిరిగి పడుకుంటుందని తెలియదు. "నాకెప్పుడు చెప్పలే" అన్నాడు.

"మీరు పక్కన పడుకుంటే లేస్తుందేమో చూడాలి కదా అన్నా. పరుపు పరీక్ష అదే" అన్నాను.

"నేను బస్సు అసుంటోన్ని చెల్లె. పంటే అందరు లేస్తరు."

"పండుండ్రి సార్, మన స్ప్రింగులకు ఇజ్జత్ ఉన్నది" అన్నాడు మాస్టరు.

ఆయన చెప్పులు విప్పి, అటువైపుకు తిరిగి వెళ్లి, వేడి పెనం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఒక కాలు పెట్టాడు. ఆగాడు. ఇంకో కాలు పెట్టాడు. ఆయన వీపు మెల్లగా పరుపుకు ఆనింది. ఆమె కదల్లేదు. కాసేపటికి కళ్లు తెరవకుండానే ఆమె చెయ్యి తడుముకుంటూ పోయి ఆయన ఛాతీ మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఆమె సన్నగా గురక పెట్టడం మొదలుపెట్టింది.

వెల్లకిలా పడుకున్న మనిషికి ఏడుపొస్తే కన్నీళ్లు నేరుగా చెవుల్లోకి పోతాయి. ఆయన తుడుచుకోలేదు, చెయ్యి కదిపితే ఆమె లేస్తుందని భయం. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోవడానికేముంది? మాస్టరు మాత్రం గోడ వైపు తిరిగి, అప్పటికే పదునుగా ఉన్న కత్తిని తుడుస్తూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే అల్లుడు వచ్చాడు. భుజం మీద చుట్టిన షీటు, గోడౌన్ మొత్తంలో అంతకంటే గట్టిది లేదు, మొహం మీద చెమట. వంగి లోపలికి వచ్చి, అత్తను చూశాడు. చూసిన మరుక్షణం గిరుక్కున అటు తిరిగి, షట్టరు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఆ పిల్లవాడి మీద ఆ ఒక్క క్షణంలో నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. అటు తిరిగే గుసగుసగా అడిగాడు.

"ఆంటీ, పైన ఏ షీటు?"

"మెత్తది."

"మెత్తదా? డాక్టరు గట్టిదన్నడు గద?"

"డాక్టరు వచ్చి మీ మామ పక్కన పండుతడా బాబూ?"

అతను భుజం మీది షీటును చప్పుడు కాకుండా కిందికి దింపాడు. తర్వాత వంగి, బయట బేరమాడుతున్నవాళ్లతో, "అన్నా, జర మెల్లగ మాట్లాడుండ్రి. లోపల మా అత్తమ్మ పండింది" అన్నాడు.

సేఠ్ స్కూటర్ పెట్టి లోపలికి వచ్చాడు. ఎవరైనా పరుపు మీద కొంచెం ఎక్కువ సేపు పడుకుంటే దగ్గే మనిషి, ఆ రోజు దగ్గలేదు. పొరలు మోసుకుపోవడానికి ట్రాలీ ఆటో అతన్ని పిలిపించి ఉంచాం, అతను వచ్చి బయట హారన్ కొట్టాడు. పొరలు విడదీయాలి, గలీబు మడవాలి, బండి ఎక్కించాలి. అంటే వాళ్లను లేపాలి. సేఠ్ నన్ను చూశాడు, నేను మాస్టర్ని చూశాను, మాస్టరు అల్లుడి వీపును చూశాడు. ఎవరికీ కాలు ముందుకు పడలేదు. చివరికి నేనే దగ్గరికి వెళ్లి, పెద్దాయన చెవి దగ్గర వంగి, "అన్నా, ట్రాలీ వచ్చింది" అన్నాను.

ఆయన కళ్లు తెరవలేదు. ఛాతీ మీది చేతి మీద తన చెయ్యి వేసి, "లేపకుండ్రి చెల్లె" అన్నాడు. "గిట్లనే ట్రాలీల ఎక్కియ్యుండ్రి."